తీర్థంలో మామ్మ జాడీ

మా మామ్మ రత్నమాణిక్యం కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. అన్నం నిలబడే తింటుంది. కాఫీ వాకిట్లో మొదలుపెట్టి పెరట్లో పూర్తి చేస్తుంది. పేరంటానికి వెళితే తాంబూలం అందుకోకముందే వాళ్ళ వంటింట్లో దూరి గిన్నెలు సర్దుతుంది. ఒకసారి కాకినాడలో పళ్ళ డాక్టరు ఆవిణ్ణి కుర్చీలో పడుకోబెట్టి మందు తేవడానికి వెళితే, ఆయన తిరిగొచ్చేసరికి ఆయన బల్ల మీద దుమ్ము తుడుస్తూ కనిపించింది.

‘‘దేవుడు మీ మామ్మకి కాళ్ళు పెట్టడం మర్చిపోయి లాంచీ ఇంజను బిగించాడే’’ అనేవాడు మా తాతయ్య లోవరాజు.

‘‘మీ తాతకి ఏదీ మర్చిపోలేదు. పడకకుర్చీతో సహా పుట్టించాడు’’ అనేది మామ్మ, చీపురు ఆపకుండానే.

అలాంటి మనిషి ఒక వేసవిలో ఇంటికీ బడికీ మధ్య మరీ కాలు నిలవకుండా తిరిగింది. రెండువేల రెండులో సంగతి. నేను పదో తరగతి లెక్కల్లో పోయి ఇంట్లో ఉన్న ఏడాది. కాబట్టి ఆవిడ వెనకాల తిరగడానికి నాకు తీరిక బాగా ఉండేది.

ముందు జాడీ సంగతి చెప్పాలి. మామ్మ పుట్టిల్లు మొగల్తూరు పక్క పల్లె. పెళ్ళయి ద్రాక్షారామం దగ్గరున్న మా ఊరికి కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ సారెతోపాటు ఒక పెద్ద ఆవకాయ జాడీ ఇచ్చింది. కింద తెలుపు, పైన తేనె రంగు, మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతున్నంతసేపూ కొత్త పెళ్ళికూతురు ఆ జాడీని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుందట. ‘‘అది చూసి నెమ్మదస్తురాలనుకుని మోసపోయాను’’ అని తాతయ్య అంటాడు. తొంభై ఆరు తుఫానులో ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే మామ్మ ముందు జాడీని మంచం కిందికి తోసి, ఆ తర్వాత తాతయ్యని లోపలికి రమ్మని కేకేసింది. ఆ వరస ఆయన ఇంకా మర్చిపోలేదు.

మా కుటుంబంలో ఆవకాయకి ఒక కట్టుబాటు ఉంది. ఒక ఏడు పాడైతే ఎవరూ ఏమీ అనరు. వరసగా రెండో ఏడు కూడా బూజు పట్టిందంటే మాత్రం ఆ ఇంటికి ఆవకాయ అచ్చిరాలేదని తీర్మానిస్తారు. ఇక ఆ గడపలో ఎవరూ పెట్టకూడదు. కోడళ్ళూ అంతే, మనవరాళ్ళూ అంతే. గిన్నె పట్టుకుని ఇంకో ఇంటికి వెళ్ళాల్సిందే. ఆ తీర్మానం చేసే అధికారం కుటుంబంలో పెద్దావిడది. మాకు పెద్దావిడంటే మామ్మ తోడికోడలు మాణిక్యాంబ. మేం పెద్దమామ్మ అంటాం. గోడ అవతలి ఇల్లే.

పెద్దమామ్మ ఇంట్లో ఆవకాయ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఆవకాయ పెట్టిన నెలలోనే పెదతాతయ్య పోయాడు. తన ఇంటికి అచ్చిరాలేదని ఆవిడే తేల్చుకుంది. అప్పటి నుంచీ ఏటా మామ్మ జాడీలోంచే ఆవిడకి గిన్నె వెళ్ళేది. ఆ గిన్నె అందుకుంటూ ‘‘ఈసారి ఆవ ఎక్కువైందే రత్నం’’ అనో ‘‘ముక్క మెత్తబడిందే’’ అనో ఒక వంక పెట్టందే ఊరుకునేది కాదు.

కిందటేడు ఆవాలు ఎండలో ఉండగా ఉన్నట్టుండి వాన కురిసింది. మామ్మ పరుగెత్తింది గానీ చెమ్మ ఆవిడకన్నా ముందు చేరింది. నెల తిరిగేసరికి జాడీలో తెల్లగా బూజు. పెద్దమామ్మ వచ్చి, వంగి చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒకే ఒక్క మాట అంది.

‘‘ఒకటయింది.’’

ఆ ఒక్క మాటకి మామ్మ ఏడాదంతా గిలగిల్లాడింది. ఈ ఏడు మామిడికాయ టెంక ముదిరే వేళకి ఆవిడ ఒక ఎత్తు వేసింది. ఎవరికీ చెప్పకుండా పెట్టెయ్యాలి. బాగుంటే అందరికీ చెప్పాలి, చెడితే అసలు పెట్టనట్టే. తాతయ్య పెనుగొండ పెళ్ళికి వెళ్ళిన రోజు చూసుకుని, కాయలు కొట్టే చప్పుడు గోడ దాటకుండా నాచేత రేడియో పెద్దగా పెట్టించింది.

‘‘దేవుడి దగ్గర కూడా దాచేస్తావా మామ్మా?’’ అన్నాను, ముక్కలు తుడుస్తూ.

‘‘దేవుడు వెళ్ళి మీ పెద్దమామ్మకి చెప్పడు కదా. నువ్వు మాత్రం నోరు కుట్టుకో.’’

కలిపి, జాడీకెత్తి, మూత పెట్టి, తెల్లటి గుడ్డతో వాసెన కట్టి, వంటింట్లో కాకుండా ధాన్యం గదిలో పాత ఇత్తడి కాగుల వెనక పెట్టాం. తాతయ్యకి ముక్కుపొడుం అలవాటు. ఆయన ముక్కుకి ఆవ వాసన కాదు కదా, ఇల్లు తగలబడుతున్నా తెలియదు. ఇక మిగిలింది మూడో రోజు పని. ఆవకాయని మూడో రోజు పొడి చేత్తో అడుగు నుంచి తిరగ కలిపి, ఉప్పు చూసి, మళ్ళీ నూనె పొయ్యాలి. కలపకపోతే పైన ముక్క ఎండి, అడుగు పులిసి, బూజు వచ్చి కూర్చుంటుంది. అందుకని రెండో రోజు పొద్దున్నే నువ్వుల పప్పునూనె కోసం నన్ను వెంటేసుకుని రామచంద్రపురం మిల్లుకి బయల్దేరింది.

మేం అటు వెళ్ళాం. ఇటు మా ఇంటికి చరిత్ర వచ్చింది.

చరిత్ర అంటే సూర్యప్రకాశం మేష్టారు. మా ఊరి బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఎవరో ఆయన్ని ‘‘ద్రాక్షారామానికి చరిత్ర ఉంది, పక్కనే ఉన్న మీ ఊరికేముందండీ, బస్సు స్టాపు తప్ప?’’ అన్నారట. అది ఆయన గుండెలో గుచ్చుకుంది. ఆ ఏడు అమ్మవారి తీర్థంలో రంగులరాట్నం, జీళ్ళ కొట్లు, గరగల నృత్యాల పక్కనే, బడిలో ఊరి చరిత్ర ప్రదర్శన కూడా పెట్టాలని పట్టుబట్టారు. ప్రతి ఇంటి నుంచీ ఒక పాత వస్తువు ఇవ్వాలి. దానికి ఊళ్ళో వాళ్ళు పాతసామాన్ల తీర్థం అని పేరు పెట్టేశారు. మేష్టారు కుర్రాళ్ళతో తొట్టి రిక్షా వేసుకుని వీధుల్లో తిరుగుతుంటే, ‘‘ఇనప సామాన్లకి బఠాణీలు ఇస్తారా మేష్టారండీ?’’ అని అరుగుల మీద నుంచి అరిచేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు.

తాతయ్య పెళ్ళి భోజనాల మత్తులో ఉన్నాడు. ధాన్యం గది తలుపు తీసి, ‘‘ఆ మూలున్నవన్నీ పాతవే, పట్టుకెళ్ళండి’’ అన్నాడు. కాగులు పోయాయి. కుంచం పోయింది. తిరగలి పోయింది. కాగుల వెనక వాసెన కట్టి ఉన్న జాడీ చూసి మేష్టారు మురిసిపోయారట. ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తలేక మూలుగుతుంటే, ‘‘అదిరా పాతకాలం పింగాణీ అంటే! ఇప్పటి సరుకు కాదు’’ అన్నారట.

మధ్యాహ్నం నూనె డబ్బాతో వచ్చి మామ్మ నేరుగా ధాన్యం గదిలోకి వెళ్ళింది. నేను తొంగి చూస్తే, ఖాళీ మూల ముందు నిలబడి కాలి బొటనవేలితో నేల గీస్తోంది.

‘‘ఏవండీ, ఇక్కడి సామానేది?’’

‘‘ఊరి చరిత్ర కోసం ఇచ్చేశాను. మేష్టారు మన పేరు అట్టముక్క మీద రాస్తానన్నారు’’ అన్నాడు తాతయ్య, ఏదో ఘనకార్యం చేసినట్టు.

మామ్మ ఏమని చెబుతుంది? తాతయ్యకి చెబితే అరుగు మీద చెబుతాడు. అరుగు మీద చెబితే గోడ అవతల వినిపిస్తుంది. మేష్టారికి చెబితే మైకులో చెప్పినట్టే. ఆవకాయ పెట్టానని ఒప్పుకున్నాక, అది చెడిందా, రెండయినట్టే. నూనె డబ్బా అక్కడే వదిలేసి, ‘‘రావే దుర్గా’’ అని గుమ్మం దాటింది.

బడిలో పెద్ద తరగతి గది ప్రదర్శన గదయింది. బల్లల మీద పెట్రోమాక్సు లైటు, తాటాకు గొడుగు, గ్రామఫోను, మా కాగులు. గోడకి ఎనభై ఆరులో వచ్చిన వరదల ఫొటోలు. అన్నిటి మధ్యలో, కిటికీ పక్కన, ఎండ సరిగ్గా పడేచోట మా జాడీ. చుట్టూ కొబ్బరి తాడు. అట్టముక్క మీద మేష్టారి గుండ్రటి అక్షరాలు: ‘‘విత్తనాల జాడీ. మన పూర్వీకుల ముందుచూపునకు నిదర్శనం. చేతులతో తాకరాదు.’’

‘‘ఎండలో పెట్టారే, ఎండలో పెట్టారే’’ అని గొణుక్కుంటూ మామ్మ తాడు కిందుగా చెయ్యి పోనిచ్చింది. కాపలా ఉన్న గణేష్‌బాబు పరుగెత్తుకొచ్చాడు. కమిటీ బ్యాడ్జీ పెట్టుకున్నప్పటి నుంచి ఆ అబ్బాయి నడకే మారిపోయింది.

‘‘మామ్మగారూ, తాకకూడదండి.’’

‘‘మా జాడీయే నాయనా.’’

‘‘నిన్నటిదాకా మీదండి. ఇప్పుడు ఊరిదండి.’’

‘‘మా అమ్మ ఇచ్చిందిరా అది!’’

‘‘అదే కదండీ చరిత్ర!’’

మామ్మ ఇంటికొచ్చి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, మళ్ళీ వెళ్ళింది. ఈసారి జాడీకి మొక్కు ఉందని, ఇంటికి తీసుకెళ్ళి పసుపు రాసి తెస్తానని మేష్టారినే అడిగింది.

‘‘ఎంత మంచి ఆలోచనమ్మా రత్నమాణిక్యమ్మ గారూ!’’ అని ఆయన కళ్ళు తుడుచుకున్నంత పని చేశారు. ‘‘రేపు ప్రారంభంలో నేనే శాస్త్రోక్తంగా చేయిస్తాను. మీ ఒక్క జాడీకే ఎందుకు, అన్నిటికీ చేయిస్తాను.’’

మూడోసారి వెళ్ళేసరికి బడికి తాళం పడింది. మామ్మ కిటికీ ఊచలు పట్టుకుని జాడీ కేసి చూస్తూ నిలబడింది. జైల్లో కొడుకుని చూడ్డానికి వచ్చిన తల్లిలా ఉందని అన్నాను. నెత్తి మీద ఒక్కటిచ్చింది.

మర్నాడు పొద్దున్న మైకు మోగింది. ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ చేత దీపం వెలిగించాలని కమిటీ నిర్ణయించింది. ఆ పెద్దావిడ మరెవరో కాదు. పట్టుచీర కట్టుకుని, తాటాకు విసనకర్రతో పెద్దమామ్మ వచ్చి, గదిలో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కింద, ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ వేసింది జాడీ పక్కనే.

మామ్మ గుమ్మం దగ్గర నిలబడి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. కుడి చెయ్యి మాత్రం కొంగులో దాచుకుంది. పొద్దుట కడిగి, ఎండలో ఆరబెట్టుకున్న చెయ్యి అది. అప్పటి నుంచీ ఆ చేత్తో దేన్నీ ముట్టుకోలేదు. కాఫీ కూడా ఎడం చేత్తోనే తాగింది.

దీపం వెలిగింది. పెద్దమామ్మ కుర్చీలో సర్దుకుని ముక్కు ఎగబీల్చింది.

‘‘ఏమే రత్నం, ఇక్కడ ఆవ వాసనేస్తోందేంటే?’’

‘‘బయట బజ్జీలేస్తున్నారు అక్కయ్యా.’’

‘‘బజ్జీల్లో ఆవెందుకే?’’

‘‘తీర్థం బజ్జీలు కదా, ఏవేవో వేస్తారు.’’

పెద్దమామ్మ ఆవిణ్ణి ఒక చూపు చూసి విసనకర్ర ఊపుకుంది. ఇంతలో మేష్టారు ఒక చేత్తో మైకు పట్టుకుని, గణేష్‌బాబు చేతికి పసుపు నీళ్ళ చెంబు ఇచ్చి బయల్దేరారు. ‘‘ఈ పాత్రలన్నీ మన తాతముత్తాతల ఆకలి తీర్చినవి. ఇవి ఖాళీగా ఉండటం మంచిది కాదు. ఒక్కొక్క దాంట్లో చేరెడు పసుపు నీళ్ళు పోసి మన కృతజ్ఞత తెలుపుకుందాం!’’ మాట మైకులోంచి తీర్థమంతా మోగింది.

కాగులో చేరెడు పోశారు. జనం చప్పట్లు. కుంచంలో చేరెడు. చప్పట్లు. మరచెంబులో, గంగాళంలో. వరస తిరిగి మధ్యకొచ్చింది.

‘‘వాసెన విప్పు బాబూ’’ అన్నారు మేష్టారు. గణేష్‌బాబు ఒక చేత్తో చెంబు వంచి పట్టుకుని, ఇంకో చేత్తో ముడి లాగబోయాడు.

‘‘నీళ్ళు!’’

మామ్మ అరిచిన అరుపుకి బయట రంగులరాట్నం ఆగిందని తర్వాత చెప్పుకున్నారు. అది అబద్ధం. కానీ ఆవిడ తాడు కింద నుంచి దూరి వెళ్ళి, జాడీని రెండు చేతులా వాటేసుకుని, ఆ పసుపు నీళ్ళకి తన వీపు అడ్డం పెట్టడం నిజం. రవిక తడిసింది. వాసెన మీద చుక్క పడలేదు.

‘‘అమ్మా! ఏమైందమ్మా?’’ అన్నారు మేష్టారు. ఆయనకి మైకు దించడం గుర్తు రాలేదు.

‘‘అందులో ఆవకాయ ఉందండి బాబూ!’’

ఆ మాట కూడా తీర్థమంతా మోగింది. మామ్మకి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. కొంగు బిగించింది. వీపు తడిసినా కుడి చెయ్యి పొడిగానే ఉంది, ముందు అది చూసుకుంది. వాసెన విప్పి, మూత తీసి పక్కన పెట్టింది. గుప్పుమని ఘాటు లేచింది. ముందు వరసలో పిల్లలు తుమ్మారు.

నేను పక్కకి చేరి లోపలికి చూశాను. పైన ముక్కలు ఎర్రగా, ఎండి ఉన్నాయి. మూతి వారన, పెచ్చు ఊడిన చోట, తెల్లగా ఏదో కనిపించింది. బూజే అనుకున్నాను. మామ్మా చూసింది. ఆవిడ వేలు అక్కడికి వెళ్ళి ఆగిపోయింది. ఎప్పుడూ ఆగని మనిషి కదా, అందుకే నాకు ఇంకా భయమేసింది.

పెద్దమామ్మ కుర్చీలోంచి లేచింది. ఆవిడ లేవడం కూడా ఒక ఉత్సవమే, మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఒప్పుకోవాలి. తాడు దగ్గరికొచ్చి, ‘‘దీన్ని తియ్యండిరా’’ అంది. తీశారు. వంగి, ఆ తెల్లటి దాన్ని గోటితో గీకి, నాలిక మీద వేసుకుంది.

‘‘ఉప్పు’’ అంది. ‘‘కరగలేదు. కలపకుండా బొమ్మలా నిలబడ్డావేంటే? ఇవాళ మూడో రోజా?’’

‘‘మూడో రోజే అక్కయ్యా.’’

‘‘మరి కలుపు!’’

మామ్మ మోచేతి దాకా చెయ్యి దించి అడుగు నుంచి తిరగేసింది. తడి తడిగా, నూనె మెరుస్తూ కింది ముక్కలు పైకొచ్చాయి. గదిలో ఎంతమంది గుటకలు మింగారో నాకు వినిపించింది. పెద్దమామ్మ చెయ్యి చాచింది. మామ్మ ఆ అరచేతిలో ఒక ముక్క పెట్టింది.

ఊరి పెద్దావిడ ముక్క కొరికింది. మేష్టారి చేతిలో మైకు ఆవిడ నోటికి సరిగ్గా జానెడు దూరంలో ఉంది. టెంక కటుక్కుమన్న చప్పుడు జీళ్ళ కొట్ల దాకా వినిపించింది. ఆవిడ నమిలింది. ఇంకా నమిలింది. ఏడాదిగా పరాయిళ్ళ ఆవకాయ తిన్న నోరది, అంత తొందరగా వదల్లేదు. ముక్క అయిపోయాక టెంక కూడా చీకింది.

‘‘ఉప్పు చాల్లేదే రత్నం.’’

అంతే. ‘‘రెండయింది’’ అనలేదు. ఉప్పు చాల్లేదంది. చచ్చిన ఆవకాయకి ఉప్పు చాల్లేదని ఎవరూ అనరు. మామ్మ ముఖం చూడాలి అప్పుడు.

‘‘వేసింది కరగలేదని నువ్వేగా అన్నావు అక్కయ్యా!’’

‘‘కరిగినా చాలదు. నాకు తెలీదా? వెళ్ళి తే.’’

ఆ మాట పూర్తి కాకుండానే మామ్మ గుమ్మం దాటింది. దార్లో తాతయ్య ఎదురొచ్చాడు. మైకులో విని, జీళ్ళ పొట్లంతో పరుగెత్తుకొస్తున్నాడు. ‘‘ఏమేవ్! మనింట్లో ఆవకాయ పెట్టావా?’’ అంటే, ‘‘పెట్టాను, మీరు ఊరికి దానం చేశారు, తప్పుకోండి’’ అని ఆయన్ని పక్కకి నెట్టి వెళ్ళిపోయింది. వేయించి దంచిన ఉప్పూ, నూనె డబ్బా తెచ్చేదాకా పెద్దమామ్మ జాడీ మీద ఈగ వాలకుండా విసనకర్ర ఊపుతూనే ఉంది.

జాడీ ఇంటికి తీసుకెళతామంటే మేష్టారు ఒప్పుకోలేదు. తీర్థం ఉన్నన్నాళ్ళూ ఉంచమని చేతులు పట్టుకున్నారు. కిటికీ పక్క నుంచి నీడలోకి జరిపించారు. విత్తనాల జాడీ అన్న అట్టముక్క తీసేసి కొత్తది రాశారు: ‘‘రత్నమాణిక్యమ్మ గారి ఆవకాయ జాడీ. వాడుకలో ఉన్నది. తడి చేతులతో తాకరాదు.’’ ఆ తర్వాత పెట్రోమాక్సు లైటు వైపు ఎవరూ చూడలేదు. కొందరు ఇళ్ళ నుంచి అన్నం కలుపుకుని వచ్చారు. ఒక్కొక్క ముక్కే అని పెద్దమామ్మ కుర్చీలోంచి కదలకుండా కాపలా కాసింది. తన గిన్నె మాత్రం ముందే నింపించుకుని, కుర్చీ కింద పెట్టుకుంది.

తీర్థం అయిపోయిన రోజు జాడీని తొట్టి రిక్షాలో ఎక్కించారు. మామ్మ నన్ను పక్కన ఎక్కించుకుని, తనూ ఎక్కి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. రెండు చేతులూ చుట్టేసి, కళ్ళు మూసుకుని, ఎండిపోయిన కాలువ గట్టు వెంట కదలకుండా కూర్చుంది. తాతయ్య రిక్షా పక్కన నడుస్తూ నా భుజం తట్టి, ‘‘చూడవే, అదిగో, పంటు మీద సరిగ్గా ఇలాగే ఉంది’’ అన్నాడు మెల్లగా.

మా వీధి మలుపు దాకా అలాగే ఉంది. అక్కడ, రిక్షా తొక్కడం ఆ కుర్రాడికి సరిగ్గా రావట్లేదని, జాడీని నా ఒళ్ళో పడేసి, కిందికి దూకి, వెనక నుంచి తొయ్యడం మొదలుపెట్టింది.